జుట్టు రాలుతోందని మాత్రలు మింగేముందు

పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జుట్టు గురించే. అందులోనూ చాలామంది అడిగింది ఒకటే: "ఏ విటమిన్ తగ్గితే జుట్టు రాలుతుంది? ఏ మాత్ర వేసుకోవాలి?" అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. నేను నెల్లూరులో చర్మం, జుట్టు జబ్బులు చూస్తాను. పుట్టి పెరిగింది కందుకూరు పక్క పల్లెలో. మీ వంటింట్లో ఏముంటుందో, ఏముండదో నాకు కొంత తెలుసు. ఒక మాట ముందే చెప్పేస్తాను. కొరత ఉందని తేలితేనే మాత్ర. తేలాక, ఆ కొరత ఎందుకొచ్చిందో కూడా వెతకాలి. ఈ రెండూ లేకుండా మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే 'హెయిర్ టాబ్లెట్ల' మీద మీరు పోసే డబ్బు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: నా వయసు 23. బీఈడీ చదువుతున్నాను. నాలుగు నెలలుగా జుట్టు పిడికిళ్ళకొద్దీ రాలి, జడ సగమైపోయింది. ప్రతి వెంట్రుకా వేరుతో సహా వచ్చేస్తోంది, చివర తెల్లగా గుండులాగా కనిపిస్తోంది. ఇక అక్కడ మొలవదని మా అవ్వ ఒకటే ఏడుపు. అంతకుముందు డెంగీ వచ్చి తగ్గింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.1 ఉంది. "రక్తం బాగానే ఉంది, టెన్షన్ వల్ల రాలుతోంది" అన్నారు. ఫెరిటిన్ అనే పరీక్ష నేనే చేయించుకున్నాను, 9 వచ్చింది. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది. ఏం చేయాలి?
— ఒక చెల్లెలు, కావలి

జవాబు: ముందు మీ అవ్వను ఊరడించండి తల్లీ. చివర తెల్లగా కనిపించేది వేరు కాదు. రాలిన వెంట్రుకను ఒక నల్లగుడ్డ మీద పెట్టి, వెలుతురులో చూడండి. కొసన చిన్న ఉబ్బు ఉంటుంది, మిగతా వెంట్రుకకున్న నలుపు దానికి ఉండదు. వేళ్ళ మధ్య నలిపితే పొడిగా, గట్టిగా తగులుతుంది. పెరగడం పూర్తయి విశ్రాంతిలోకి వెళ్ళిన వెంట్రుక అడుగు అలా తెల్లబడి గట్టిపడుతుంది. వెంట్రుకను పుట్టించే కుదురు మాత్రం చర్మం లోపల క్షేమంగా ఉంటుంది. ఆ తెల్లటి గుండు చూస్తే నాకు ధైర్యం వస్తుంది, ఎందుకంటే ఇలా రాలిన జుట్టు చాలావరకు తిరిగి వస్తుంది.

మన తలమీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది. తర్వాత పెరగడం ఆగిపోయి, మూడు నెలలపాటు ఊరికే ఉండి, రాలిపోతుంది. ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా రోజుకి 50 నుంచి 100 దాకా రాలేది ఇందుకే. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చినప్పుడు, ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు కూడా ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అవి రాలేది జ్వరంలో కాదు, రెండు మూడు నెలల తర్వాత. అప్పటికి జ్వరం సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. షాంపూ మార్చినందుకో, హాస్టల్ నీళ్ళకో, పరీక్షల టెన్షన్‌కో తప్పు అంటగడతారు. దీన్ని మేము టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. జ్వరం ఒక్కటే కారణమైతే ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది.

మీ విషయంలో జ్వరం ఒక్కటే కాదు. ఆ 9 అనే అంకె నన్ను ఆపేసింది.

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పే పరీక్ష. వంటింటి డబ్బాలో ఈ పూటకి బియ్యం ఉన్నాయి కదా అని గాదె నిండుగా ఉన్నట్టు కాదు. హిమోగ్లోబిన్ ఆ డబ్బా, ఫెరిటిన్ గాదె. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భం లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 దాటితే రక్తహీనత లేనట్టే. మీది 12.1 కాబట్టి 'బాగానే ఉంది' అన్నారు. అదే సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి ఫెరిటిన్ 15 కంటే తగ్గితే నిల్వలు అడుగంటినట్టు. జుట్టు రాలేవాళ్ళలో అది కనీసం 30, 40 దాకా అయినా ఉండాలని మాలో చాలామంది చూస్తాం. పైగా జ్వరం, వాపు లాంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. జ్వరం తగ్గిన కొత్తలో చేయిస్తే మంచి అంకె వచ్చి మోసపోయేవాళ్ళం. మీకు ఇన్నాళ్ళ తర్వాత కూడా 9 అంటే అనుమానించాల్సిన పని లేదు.

ఐరన్‌కీ జుట్టుకీ ఏం సంబంధం అంటారా? కుదురు అడుగున ఉండే కణాలు మన ఒంట్లో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాల్లో ఒకటి. కణం రెండు కావాలంటే దాని డీఎన్ఏ కూడా రెండు కావాలి. ఆ పని చేసే ఒక ఎంజైమ్‌కి ఐరన్ లేనిదే నడవదు. ఐరన్ తక్కువైనప్పుడు ఒళ్ళు ముందు రక్తానికి, గుండెకి, మెదడుకి చూసుకుంటుంది. జుట్టు లేకపోయినా ప్రాణం పోదు కాబట్టి దాని వంతు చివర వస్తుంది. అయితే ఐరన్ తక్కువైన ప్రతి ఒక్కరికీ జుట్టు రాలదు. జుట్టు రాలే ప్రతి ఒక్కరికీ ఐరన్ తక్కువ ఉండదు. దీనిమీద జరిగిన పరిశోధనలు కూడా అన్నీ ఒకే మాట చెప్పవు. కానీ నిల్వ అడుగంటిందని కాగితం మీద కనిపిస్తుంటే దాన్ని నింపకుండా వేరే మందులు రాయడం నాకు మనసొప్పదు. జుట్టు సంగతి అటుంచినా ఆయాసం, నీరసం, చదివింది బుర్రకెక్కకపోవడం ఇవన్నీ దాంతోపాటే ఉంటాయి.

ఇక మాత్ర. ఏ మాత్ర, ఎంత అన్నది మీ ఊళ్ళో డాక్టరుగారినే అడగండి. ఎలా వేసుకోవాలో మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే నష్టపోతున్నారు. పరగడుపున వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి, మానేయడం కంటే అది మేలు. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, వీటికి గంట రెండు గంటలు దూరంగా ఉండాలి. టీలో ఉండే వగరు పదార్థం ఐరన్‌ని పట్టేసుకుని ఒంటబట్టనివ్వదు. నేను చూసిన అమ్మాయిల్లో చాలామంది మాత్రను టీతోనే మింగుతారు! ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. గూడూరు నిమ్మకాయ మన ఇంటిముందుకే వస్తుంది, దానికంటే చవకైన సాయం ఇంకోటి లేదు. రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకుంటే కొందరికి ఇంకా బాగా ఒంటబడుతుందని ఈమధ్య పరిశోధనల్లో తేలింది. ఒకరోజు మాత్ర పడగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోను వదిలి, మర్నాటి ఐరన్‌ని పేగుల్లోనే ఆపేస్తుంది. మలబద్ధకంతో ఇబ్బంది పడేవాళ్ళు ఈ పద్ధతి గురించి డాక్టర్ని అడగొచ్చు. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మాత్ర రంగే.

ఇప్పుడు అసలు ప్రశ్న. గాదె ఎందుకు ఖాళీ అయింది? నెలసరి ఏడెనిమిది రోజులు అని మీరే రాశారు, దాన్ని చివరి లైన్లో పెట్టారు. నా దృష్టిలో అదే మొదటి లైను. గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతోందా, గడ్డలు పడుతున్నాయా చూసుకోండి. ఔనంటే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, స్కానింగ్ చేస్తారు. ఆ రంధ్రం పూడ్చకుండా మాత్రలు ఎన్ని మింగినా నిల్వ ఉండదు. అలాగే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించండి, అది తగ్గినా నెలసరి ఎక్కువవుతుంది, జుట్టూ రాలుతుంది.

ఓపిక పట్టండి. హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పెరుగుతుంది, ఫెరిటిన్ నిండడానికి నెలలు పడుతుంది. రాలడం తగ్గిందని తెలియడానికి మూడు నెలలు, నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు లేచి నిలబడటానికి మరికొంత. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. పాత జడ రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యలో ఎవరో చెప్పారని నూనెలూ మాత్రలూ మార్చకండి.

ప్రశ్న: నాకు కాన్పయి నాలుగు నెలలు. స్నానం చేసిన ప్రతిసారీ బాత్రూమ్ గోతి నిండా జుట్టే. మా అత్తగారు పథ్యం అని కారప్పొడి అన్నం, వెల్లుల్లి, పాత చింతకాయ పచ్చడి తప్ప ఏమీ పెట్టనివ్వడం లేదు. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలట, చేప తింటే చీము పడుతుందట. ఐరన్ మాత్రలు వేడి చేస్తాయని మాన్పించారు.
— కోవూరు దగ్గర్నుంచి

జవాబు: మీ జుట్టు రాలడంలో ఒక భాగం పూర్తిగా సహజం. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువగా ఉండి, రాలాల్సిన వెంట్రుకల్ని కూడా రాలనివ్వదు. అందుకే ఆ నెలల్లో జుట్టు ఒత్తుగా ఉంటుంది. కాన్పు కాగానే ఆ హార్మోను పడిపోతుంది, ఆగిన వెంట్రుకలన్నీ రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఒక్కసారిగా దిగుతాయి. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి మామూలైపోతుంది.

మిగతా భాగం మాత్రం సహజం కాదమ్మా, అది పథ్యం. కాన్పులో పోయిన రక్తం, ఇప్పుడు పాల రూపంలో పోతున్న పోషకాలు, ఇవి ఎక్కడి నుంచి రావాలి? కారప్పొడి అన్నంలో నుంచి రావు. మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ కాలంలో కుళ్ళిన చేప తిని బాలింత జబ్బుపడితే చూపించుకోవడానికి ఆసుపత్రి దగ్గర్లో ఉండేది కాదు, ఆ భయం నుంచి పుట్టిన జాగ్రత్త అది. ఆవిడకి నా మాటగా ఇలా చెప్పండి: "వెల్లుల్లి పెట్టండి, పాత చింతకాయా పెట్టండి, దాంతోపాటు తాజా చేప ముక్క కూడా పెట్టండి." చేపలో బి12, జింక్, మంచి మాంసకృత్తులు ఉంటాయి. పైగా చేపో మాంసమో పక్కన ఉంటే పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్ కూడా ఎక్కువగా ఒంటబడుతుంది. నెత్తళ్ళు తలా తోకా తీసి, ముల్లుతో సహా వేపుడు చేస్తే కాల్షియం కూడా వస్తుంది. తోటకూర, మునగాకు పప్పులో వేసి, పొయ్యి మీంచి దించాక నిమ్మకాయ పిండుకోండి. ఉడికేటప్పుడు పిండితే విటమిన్ సి వేడికి పోతుంది. మీరు ఆకుకూర తింటే పాల ద్వారా బిడ్డకు విరేచనాలు రావు.

ఐరన్ మాత్రలు మాన్పించడం మాత్రం నేను ఒప్పుకోను. కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. మీ ఏఎన్ఎమ్‌ని గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగితే ఉచితంగా ఇస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇంతమంది ఆడవాళ్ళు రక్తం లేకుండా నీళ్ళు మోసి, పిల్లల్ని మోసి, కోతలకీ కలుపులకీ వెళ్తున్నారు. "కాస్త నీరసం, అంతే" అని సరిపెట్టుకుంటున్నారు. ఆ అంకె తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. 'వేడి' అన్న ఒక్క మాటకి ఇన్ని మాత్రలు చెత్తబుట్టలోకి పోవడం ఇంక ఆగాలి.

ప్రశ్న: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు. కడిగేటప్పుడు తెల్లగా పైకి తేలుతున్నాయి. మా వీధిలో ఆడవాళ్ళకి జుట్టు రాలేది వాటివల్లేనని అంటున్నారు. మేము ఏరి పారేస్తున్నాం. నిజమేనా?
— ఉదయగిరి మండలం నుంచి

జవాబు: పారేయకండమ్మా, మీరు ఏరి పారేస్తున్నది మీ వీధి ఆడవాళ్ళకి కావాల్సిన మందే. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మిషన్లో మళ్ళీ గింజ ఆకారంలో చేస్తారు. 100 కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో ఇవి కలుపుతారు. పిండితో చేసినవి కాబట్టి రంగులో, బరువులో కొంచెం తేడాగా ఉంటాయి, కొన్ని నీళ్ళలో తేలతాయి. ఇలా బలపరిచిన బియ్యం కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలన్నది నిబంధన. మన దేశంలో ఒక ఆడమనిషికి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని, మగవాళ్ళకి 19 చాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్కగట్టింది. పూటపూటా తెల్లన్నమే ప్రధానమైన ఇళ్ళల్లో ఆ తేడా పూడ్చడానికి ఈ గింజలు కొంతైనా సాయం చేస్తాయి. నాలుగైదు సార్లు కడగకుండా రెండుసార్లతో సరిపెట్టండి. గంజి వార్చకుండా నీళ్ళు ఇంకేలా వండుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళుంటే మాత్రం వాళ్ళ డాక్టర్ని అడిగాకే పెట్టండి.

వీధిలో అంతమందికి జుట్టు రాలుతోందంటే, నా అనుమానం ఆ గింజల మీద కాదు, ఆ వీధిలో ఎంతమందికి రక్తం తక్కువ ఉందన్నదాని మీద. చెప్పుల్లేకుండా పొలానికి వెళ్ళేవాళ్ళుంటే కొంకిపురుగులు కూడా ఒక కారణం కావచ్చు. అవి అరికాలి చర్మంలోంచి దూరి, పేగుకి కరుచుకుని రక్తం పీలుస్తాయి. పీహెచ్‌సీలో అడిగి అందరూ నులిపురుగుల మాత్ర వేసుకోండి, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ప్రశ్న: మాది కనిగిరి ప్రాంతం. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. నాకు 28 ఏళ్ళు. నుదురు రెండు పక్కలా వెనక్కి పోయింది, నడినెత్తి పలచబడింది. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. మా నాన్నకీ బట్టతలే. జింక్ మాత్రలు రెండేళ్ళుగా వాడుతున్నా. నీళ్ళ వల్లేనా?
— ఒక సోదరుడు

జవాబు: బాబూ, ఉప్పు నీళ్ళ బాధ నాకు తెలుసు. ఆ నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట్రుక పైన పేరుకుని దాన్ని గరుకుగా చేస్తాయి, సబ్బు నురగ రానివ్వవు, వెంట్రుక మధ్యలో తెగేలా చేస్తాయి. తలంటుకున్నాక చివరి చెంబు మంచినీళ్ళు పోసుకుంటే కొంత నయం. కానీ అవి కుదురు దాకా వెళ్ళవు. ఫ్లోరైడ్ పళ్ళని, ఎముకల్ని పాడుచేస్తుంది, దానికి తాగే నీళ్ళు మార్చుకోవాల్సిందే. మీరు రాసిన తీరు, నుదురు పక్కలు, నడినెత్తి, నాన్నగారికీ అలాగే ఉండటం, ఇదంతా వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోనుకి ఆ చోట్ల కుదుళ్ళు సన్నబడిపోతాయి. ఏ విటమిన్ కొరతా దీనికి కారణం కాదు, ఏ విటమినూ దీన్ని ఆపదు.

జింక్ మాత్రలు ఇవాళే ఆపండి. జింక్ నిజంగా తగ్గినవాళ్ళకి జుట్టు రాలుతుంది, ఆ మాట నిజం. వాళ్ళకి మాత్రం నోటి చుట్టూ పుండ్లు, విరేచనాలు, గాయాలు మానకపోవడం కూడా ఉంటాయి. కొరత లేకుండా ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదు వాడితే అది ఒంట్లో రాగిని తగ్గిస్తుంది, దాంతో కొత్తగా రక్తహీనత, నరాల తిమ్మిర్లు వస్తాయి. మీకు పనికొచ్చే మందులు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్. డాక్టరు చూసి, మంచీ చెడ్డా చెప్పాకే వాడాలి. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొన్ని వారాలు రాలడం కొంచెం ఎక్కువవుతుంది, అప్పుడు భయపడి ఆపేయొద్దు. ఆపేస్తే వచ్చిన జుట్టు కూడా పోతుంది, వాడినంతకాలమే ఫలితం. చూసే సంబంధాలకి ఇప్పుడున్న ఫోటోనే పంపండి.

ప్రశ్న: నేను ఒంగోలులో టీచర్ని. జుట్టు కోసం ఆన్‌లైన్లో కొన్న బయోటిన్ (ఒక రకం బి విటమిన్) 10 మిల్లీగ్రాముల మాత్రలు వాడుతున్నాను. మామూలు చెకప్‌లో థైరాయిడ్ పరీక్షలు టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ వచ్చాయి. హైపర్ థైరాయిడ్ (థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం) అని మందు రాశారు. నాకు ఏ లక్షణమూ లేదు. మందు మొదలుపెట్టాలా?
— ఒక టీచర్

జవాబు: మందు మొదలుపెట్టేముందు మీ డాక్టరుగారికి బయోటిన్ సంగతి చెప్పండి. అవసరమైతే ఇవాళే ఫోన్ చేయండి. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబ్ మిషన్లు తప్పుడు అంకెలు చూపిస్తాయి. ఆ పరీక్షలు చేసే రసాయనాల్లోనే బయోటిన్ వాడతారు కాబట్టి, మీ రక్తంలోది వెళ్ళి దానికి అడ్డం పడుతుంది. టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా, అచ్చం మీకొచ్చినట్టే వస్తుంది. గుండెపోటు గుర్తించే ట్రోపోనిన్ పరీక్షలో అయితే ఉన్న గుండెపోటు లేనట్టు కనిపించే ప్రమాదం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. మాత్ర ఆపి, కనీసం రెండు మూడు రోజులు గడిచాక పరీక్ష మళ్ళీ చేయించండి. ల్యాబ్‌లో రక్తం ఇచ్చేటప్పుడు "బయోటిన్ వాడాను" అని నోటితో చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు అడగరు.

పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. మీరు వేసుకుంటున్నది దానికి 300 రెట్లు పైమాటే. గుడ్డు, వేరుశనగలు, పప్పులు తినే మనిషికి బయోటిన్ కొరత రావడం చాలా అరుదు. పచ్చి గుడ్డు తెల్లసొన రోజూ తాగేవాళ్ళకి, కొన్ని మూర్ఛ మందులు వాడేవాళ్ళకి, అరుదైన పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళకి వస్తుంది. ఉడికించిన గుడ్డుతో ఆ ఇబ్బంది లేదు. జుట్టు మాత్రల డబ్బా మీద బయోటిన్ పేరు ఎందుకంత పెద్దక్షరాల్లో ఉంటుందో, దానికి తగ్గ రుజువులు ఎందుకంత తక్కువో, ఆ కంపెనీలనే అడగాలి.

ప్రశ్న: జిమ్‌కి వెళ్తాను. ట్రైనర్ చెప్పాడని మల్టీవిటమిన్, దాంతోపాటు విటమిన్ ఎ క్యాప్సూల్, సెలీనియం, వారానికి కాకుండా రోజూ విటమిన్ డి పొడి (60,000 యూనిట్లు) వేసుకుంటున్నా. ఈమధ్య జుట్టు ఇంకా ఎక్కువ రాలుతోంది.
— నెల్లూరు, మాగుంట లేఅవుట్

జవాబు: అన్నీ ఆపండి. విటమిన్ ఎ ఎక్కువైతే జుట్టు రాలుతుంది, సెలీనియం ఎక్కువైనా రాలుతుంది. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంట్‌లో పొరపాటున సెలీనియం ఎన్నో రెట్లు ఎక్కువ పడింది, అది తాగిన 200 మందికి పైగా జబ్బుపడ్డారు. జుట్టు రాలడం, గోళ్ళు పాడవడం, విరేచనాలు వాళ్ళలో ఎక్కువగా కనిపించాయి. మొన్న 2024 చివర్లో, 2025 మొదట్లో మహారాష్ట్ర బుల్దాణా జిల్లా పల్లెల్లో జనానికి ఉన్నట్టుండి జుట్టు రాలి గుండ్లు పడితే, డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ పరీక్షలు చేయించి, గోధుమల్లోని సెలీనియం కారణమని చెప్పారు. జుట్టుకి కొరత ఎంత చేటో, అతి కూడా అంతే చేటు.

విటమిన్ డి పొడి మరీ ముఖ్యం. దాన్ని మామూలుగా వారానికి ఒకటి చొప్పున, డాక్టరు చెప్పినన్ని వారాలే వాడతారు. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం ఉంటే ఆలస్యం చేయొద్దు. ఏమీ లేకపోయినా ఈ వారంలోనే కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), విటమిన్ డి పరీక్షలు చేయించండి నాయనా, మీ ట్రైనర్‌కి కూడా ఈ జవాబు చూపించండి.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. బడిలో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇస్తున్నారు. వేసుకున్న రోజు కడుపునొప్పి అంటోంది. జుట్టు పలచగా ఉంది. వేయించాలా వద్దా?
— సూళ్ళూరుపేట నుంచి ఒక తల్లి

జవాబు: వేయించండి. అది 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర. ఎదిగే వయసు, నెలసరి మొదలయ్యే వయసు, ఇప్పుడు నిల్వ చేసుకోకపోతే రేపు పెళ్ళై కడుపుతో ఉన్నప్పుడు దొరకదు. ఖాళీ కడుపుతో బడికి పంపకండి. మధ్యాహ్న భోజనం తిన్నాక వేయమని టీచర్‌కి చెప్పండి, నొప్పి తగ్గుతుంది. జుట్టు అక్కడక్కడా రూపాయి బిళ్ళంత గుండ్రంగా, నున్నగా పోయి ఉంటే అది పేనుకొరుకుడు. దానికి పేలతో సంబంధం లేదు, ఐరన్‌తోనూ లేదు, ఒంట్లో రోగనిరోధక శక్తి కుదుళ్ళ మీదికే తిరగబడటం. దాని మీద ఉల్లిపాయ, మిరియాలు రుద్దకుండా డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: పెంచలకోనలో గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా?
— పొదలకూరు

జవాబు: మొక్కు ఉంటే తప్పకుండా తీర్చుకోండి. ఒత్తు మాత్రం పెరగదు, కత్తి కుదురు దాకా వెళ్ళదు. కత్తిరించిన కొన మొద్దుగా ఉండటం వల్ల కొత్తల్లో మందంగా అనిపిస్తుంది, అంతే.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్ళు. పుట్టినప్పటి నుంచి శాకాహారి. పన్నెండేళ్ళుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. జుట్టు రాలుతోంది, అరికాళ్ళు తిమ్మిరి, మతిమరుపు ఎక్కువైంది. జుట్టుకి ఏదైనా నూనె చెబుతారా?
— పొదిలి నుంచి ఒక కూతురు

జవాబు: నూనె సంగతి తర్వాతమ్మా. ముందు నాన్నగారికి విటమిన్ బి12 పరీక్ష చేయించండి. బి12 మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది, కూరగాయల్లో ఉండదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఉన్న కొంచెం కూడా సరిగా ఒంటబట్టదు. ఈ వయసులో కడుపులో ఆమ్లం తగ్గడం దానికి తోడవుతుంది. జుట్టుకీ బి12కీ ఉన్న సంబంధం అంత బలమైనది కాదు. కానీ తిమ్మిర్లు, మతిమరుపు బి12 తగ్గడం వల్లే అయితే, ఆలస్యం చేసేకొద్దీ నరాలకి జరిగిన నష్టం వెనక్కి రాదు. తిమ్మిరి షుగరు వల్ల కూడా రావచ్చు, అందుకే ఊహించుకుని ఊరుకోకుండా పరీక్ష కావాలి. తక్కువ ఉంటే మొదట్లో ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇస్తారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే మీ అంతట మీరు మొదలుపెట్టకండి, అది రక్తహీనతను సరిచేసి, లోపల నరాలు పాడవుతున్న సంగతి బయటపడకుండా చేస్తుంది. మెట్‌ఫార్మిన్ కూడా మీ అంతట మీరు ఆపొద్దు. రిపోర్టు తీసుకుని ఆయన షుగరు డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. పాలు, పెరుగు, ఆయన ఒప్పుకుంటే గుడ్డు, రోజూ పెట్టండి.